ఉప్పా, నడకా, గోడకుర్చీయా: బీపీ తగ్గించుకోవడానికి ముందుగా దేన్ని పట్టుకోవాలి?

డాక్టరు గదిలో బీపీ 148/92 అని తేలి, "మూడు నెలలు జాగ్రత్తలు పాటించి రండి, అప్పటికీ తగ్గకపోతే మాత్రలు మొదలుపెడదాం" అన్న మాట విని ఇంటికి చేరిన మనిషికి ఆ సాయంత్రం నుంచే సలహాలకు కొదవ ఉండదు. ఒకరు ఉప్పు పూర్తిగా మానేయమంటారు, ఒకరు పరగడుపున వెల్లుల్లి నమలమంటారు, ఒకరు సైంధవ లవణానికి మారమంటారు, మరొకరు తెల్లవారకముందే లేచి గంటసేపు నడవమంటారు. ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టి, పదిహేను రోజుల తర్వాత ఒక్కటొక్కటిగా వదిలేయడం చాలా ఇళ్లలో జరిగేదే. అందుకే ఈ మార్గాలను పక్కపక్కన పెట్టి, దేనివల్ల ఎంత తగ్గుతుందో, దానికి ఎంత శ్రమ పడాలో, ఎవరికి ఏది పనికిరాదో చూడడం మేలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మన ఇళ్లలో చాలామందికి మొదటి ఎంపిక ఉప్పు, రెండోది వారానికి సరిపడా వ్యాయామం, కషాయాలు, రెబ్బలు, ఆకులు ఆ తర్వాతి మాట. అయితే ఈ వరుస అందరికీ ఒక్కటే కాదు, ఎవరికి ఎందుకు మారుతుందో కూడా చూద్దాం.

అసలు ఎంచుకునే వెసులుబాటు ఎవరికి ఉంది?

జీవనశైలి మార్పులతో కొన్ని నెలలు వేచి చూడవచ్చన్నది ప్రధానంగా పై అంకె 140 నుంచి 159 మధ్య, కింది అంకె 90 నుంచి 99 మధ్య ఉండి, మధుమేహం, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, గతంలో పక్షవాతం వంటివి లేనివారికి వర్తించే మాట. 160/100 దాటినవారికీ, పైన చెప్పిన జబ్బుల్లో ఏదో ఒకటి ఉన్నవారికీ డాక్టర్లు సాధారణంగా మాత్రలను వెంటనే మొదలుపెడతారు. వారికి ఈ మార్పులు మాత్రలతోపాటు చేయవలసినవే తప్ప మాత్రలకు బదులుగా చేయవలసినవి కావు. ముప్ఫై ఏళ్లలోపే బీపీ బాగా పెరిగినవారు దాని వెనక కిడ్నీకో, హార్మోన్లకో సంబంధించిన కారణం ఉందేమో చూపించుకోవాలి. గర్భిణుల విషయం పూర్తిగా వేరు, వారు ఈ పోలికలో లేరు.

మరొక చిక్కు ఉంది. మనవాళ్లు కోపం వస్తే "బీపీ పెరిగింది" అంటారు గానీ, నిజమైన బీపీ చాలామందిలో ఏ సూచనా ఇవ్వదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం ఎంత పొరపాటో, మెట్లెక్కి వచ్చి కూర్చోగానే చూపించుకున్న ఒక్క అంకెను చూసి బెంబేలెత్తడం అంతే పొరపాటు. భుజానికి కట్టు చుట్టే యంత్రం కొనుక్కుంటే మణికట్టు యంత్రం కంటే నమ్మదగిన లెక్క వస్తుంది. కాఫీ, టీ, పొగ, వ్యాయామం అరగంట ముందే ముగించి, వీపును కుర్చీకి ఆనించి, పాదాలు నేలకు తగిలేలా అయిదు నిమిషాలు మౌనంగా కూర్చుని, చేతిని గుండె ఎత్తులో బల్లమీద ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఉదయం రెండు, సాయంత్రం రెండు చొప్పున ఏడు రోజులు రాసి, మొదటిరోజు అంకెలు వదిలేసి, మిగిలినవాటి సగటు తీస్తే అదే మీ అసలు బీపీ. ఇంట్లో తీసిన ఈ సగటు 135/85 దాటితే ఎక్కువగానే లెక్క. ఈ అంకె చేతిలో లేకుండా ఏ మార్గం ఎంచుకున్నా, అది పనిచేసిందో లేదో తెలిసే దారి ఉండదు.

ఉప్పు: తగ్గించడమా, మార్చడమా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు అయిదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో సగటున ఒక మనిషి తినేది ఎనిమిది గ్రాములు, పురుషులు 8.9, స్త్రీలు 7.1. మీ ఇంటి సంగతి తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. నలుగురున్న ఇంట్లో మనిషికి అయిదు గ్రాముల చొప్పున నెలకు అయ్యే ఉప్పు 600 గ్రాములు. కిలో ప్యాకెట్టు నెల తిరక్కుండానే ఖాళీ అవుతుంటే మనిషికి ఎనిమిది గ్రాములు దాటినట్టే, అదీ వేసవిలో పట్టిన పచ్చళ్లు, బయట తిన్న మిక్చరు, బిస్కెట్లు, హోటలు సాంబారు కలపకుండా.

ఇక్కడే మన వంట ప్రత్యేకత ఒకటి గమనించాలి. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా ఫ్యాక్టరీలో తయారైన తిండిలోనే దాక్కుని వస్తుంది, అందువల్ల అక్కడివారికి ఇంట్లో ఉప్పు తగ్గించుకున్నా అంత ప్రయోజనం కనిపించదు. మన దగ్గర అధిక భాగం వంటింట్లోని ఉప్పు డబ్బాలోంచే వస్తుంది, అంటే తాళంచెవి మన చేతిలోనే ఉంది. కూర, పప్పు, చారు, పచ్చడి, పెరుగన్నంలో మళ్లీ చిటికెడు: ఒక్క భోజనంలో అయిదుచోట్ల ఉప్పు పడే విస్తరి మనది. కిలో మామిడి ముక్కలకు పావుకిలో ఉప్పు పట్టే ఆవకాయలో, కారం, ఆవపిండి, నూనె అన్నీ కలిసిన తర్వాత కూడా బరువులో పదోవంతు ఉప్పే ఉంటుంది. అంటే ఇరవై గ్రాముల ఆవకాయతో రెండు గ్రాముల ఉప్పు, రోజు వాటాలో దాదాపు సగం, లోపలికి వెళ్లిపోతుంది. ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండుచేపలు కూడా ఇదే కోవలోవి. ఆవకాయ మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పినా ఎవరూ వినరు. రోజూ కాకుండా వారానికి రెండు రోజులకు కుదించి, ఆ రోజున కూరలో ఉప్పు తగ్గించడం సాధ్యమైన మాట.

ఉప్పును నేరుగా తగ్గించే దారిలో ఉన్న పెద్ద సుగుణం ఖర్చు లేకపోవడం, దాదాపు ఎవరికీ హాని చేయకపోవడం. దోషం రుచి. ఒక్కరోజులో సగానికి సగం తగ్గిస్తే ఇంటిల్లిపాదీ తిరగబడతారు. వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తే కొన్ని వారాల్లో నాలుక అలవాటుపడి, పాత ఉప్పే ఎక్కువనిపిస్తుంది. చింతపండు, నిమ్మరసం, మిరియాలు, ఇంగువ పోపు ఉన్న వంటలో ఉప్పు లోటు కనిపించకుండా చేయడం మిగతావారికంటే మనకే తేలిక. వయసు పైబడినవారిలో, బీపీ ఇప్పటికే ఎక్కువగా ఉన్నవారిలో ఉప్పు తగ్గించిన ఫలితం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. బీపీ ఉన్నవారిలో సగటున పై అంకె అయిదారు పాయింట్లు తగ్గుతుందని అంచనా.

రెండో దారి తక్కువ సోడియం ఉప్పు. మామూలు ఉప్పు అంటే సోడియం క్లోరైడే; ఇందులో దానిలో కొంత భాగం తీసి దాని స్థానంలో పొటాషియం క్లోరైడు కలుపుతారు. దీనిమీద మనకు దూరపు సాక్ష్యమూ ఉంది, దగ్గరి సాక్ష్యమూ ఉంది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేలమందితో అయిదేళ్లపాటు సాగి 2021లో వెలువడిన పరీక్షలో, నాలుగోవంతు పొటాషియం కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. మన తెలంగాణలోనే, సిద్దిపేట ప్రాంతపు పల్లెల్లో బీపీ ఉన్న 502 మందికి 30 శాతం పొటాషియం కలిసిన ఉప్పు ఇచ్చి మూడు నెలలు చూస్తే, మామూలు ఉప్పు వాడినవారికంటే పై అంకె సగటున 4.6 పాయింట్లు తగ్గింది. వంట మార్చలేదు, ఉప్పు డబ్బాలోది మాత్రమే మారింది. నాలుక మారడానికి ఒప్పుకోని ఇంటికి ఇంతకంటే సులువైన మార్గం నాకు తోచదు. కొనేటప్పుడు ప్యాకెట్టు వెనక చదవాలి: కొన్నింటిలో సోడియం 15 శాతమే తక్కువ ఉంటుంది, వాటినుంచి పైన చెప్పినంత ఫలితం ఆశించకూడదు.

కానీ ఈ దారికి గట్టి కంచె ఉంది. కిడ్నీలు సరిగా పనిచేయనివారిలో పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయను దెబ్బతీయగలదు, ప్రాణం మీదికీ రావచ్చు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరోనొలాక్టోన్ వంటి బీపీ మాత్రలు వాడేవారిలోనూ పొటాషియం పెరిగే అవకాశం ఉంది. కాబట్టి రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం చూపించుకుని, డాక్టరును అడిగిన తర్వాతే ఈ ఉప్పుకు మారాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట్ల, కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడిస్తున్నప్పుడు, పరీక్ష లేకుండా ఈ ఉప్పును సిఫార్సు చేయడం బాధ్యత లేని పని అవుతుంది. ఇంట్లో ఒక్కరికి కిడ్నీ జబ్బు ఉన్నా ఒకే కుండలో వండేవారు దీన్ని పక్కనపెట్టి, ఉప్పు తగ్గించే దారినే పట్టడం క్షేమం.

మూడో దారి అని చాలామంది అనుకునే సైంధవ లవణం అసలు దారే కాదు. రంగు, ధర, పేరు వేరైనా అందులో ఉన్నదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా చాలావరకు అయోడిన్ కలపనిది. రాళ్ల ఉప్పులో ఉన్నదీ సోడియం క్లోరైడే.

పళ్లెం మార్చడం

1997లో అమెరికాలో వెలువడిన డాష్ ఆహార పరీక్షను ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే ఉప్పు తగ్గించకుండా, బరువు తగ్గనివ్వకుండా, కేవలం పండ్లు, కూరగాయలు, కొవ్వు తీసిన పాలపదార్థాలు పెంచి, కొవ్వు, తీపి తగ్గించిన భోజనం పెట్టినందుకే బీపీ ఉన్నవారిలో పై అంకె 11.4, కింది అంకె 5.5 పాయింట్లు తగ్గాయి. ఒక మాత్ర చేసే పనికి ఇది దరిదాపుల్లో ఉంది. అయితే అక్కడ భోజనం వండి పెట్టింది పరిశోధకులు; మన ఇంట్లో మనమే వండుకోవాలి, కొనుక్కోవాలి. అంకెలు చూస్తే ఈ పోటీలో ఇదే గెలుస్తుంది, ఆచరణలో మాత్రం ఇదే కష్టం.

దీన్ని మన పళ్లెంలోకి తెచ్చుకోవడానికి విదేశీ పండ్లు అక్కర్లేదు. కొండలా పోసిన తెల్లన్నంలో మూడోవంతు తీసి ఆ చోట కూరగాయలతో నింపడం, తోటకూర పప్పు, పాలకూర పప్పు వారానికి నాలుగుసార్లు వండడం, సాయంత్రం మిక్చరు బదులు జామకాయో, అరటిపండో, ఉడికించిన చిలగడదుంపో తినడం, మీగడ తీసిన పాలతో తోడుపెట్టిన పెరుగును ఉప్పు లేకుండా అలవాటు చేసుకోవడం: డాష్ అంటే మన భాషలో ఇంతే. రాగి సంగటి, జొన్నరొట్టె మంచివే గానీ, వాటిని ఎండుచేపల పులుసుతోనో, పచ్చడితోనో తింటే వచ్చిన లాభం ఉప్పుకే పోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి పండ్లు, ఆకుకూరలు, కొబ్బరినీళ్ల విషయంలోనూ పైన చెప్పిన పొటాషియం హెచ్చరికే వర్తిస్తుంది.

నడకా, గోడకుర్చీయా, ప్రాణాయామమా?

వ్యాయామం అనగానే మనకు తోచేది పొద్దుటి నడక. అది మంచి ఎంపికే: వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా నడవాలి. పార్కులో రాజకీయాలు చర్చించుకుంటూ సాగే షికారు ఈ లెక్కలోకి రాదు, తిరుగు ప్రయాణంలో టిఫిను బండి దగ్గర రెండు ప్లేట్ల పూరీ ముగించే నడక అంతకన్నా రాదు.

అయితే 2023లో ఒక బ్రిటిష్ క్రీడావైద్య పత్రికలో 270 పరీక్షలను కలిపి వెలువడిన విశ్లేషణ చాలామందిని ఆశ్చర్యపరిచింది. నడక, పరుగు వంటివాటివల్ల పై అంకె సగటున నాలుగున్నర పాయింట్లు, బరువులెత్తడంవల్ల కూడా దాదాపు అంతే తగ్గితే, కదలకుండా కండరాన్ని బిగించి ఉంచే వ్యాయామాల్లో ఎనిమిది పాయింట్లు తగ్గింది. వాటిలో ముఖ్యమైనది మనకు కొత్తదేమీ కాదు, బళ్లో లెక్కలు చేయనందుకు మాస్టారు వేయించిన గోడకుర్చీయే. గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్లు వంచి రెండు నిమిషాలు నిలబడడం, రెండు నిమిషాలు విశ్రాంతి, ఇలా నాలుగు విడతలు, వారానికి మూడు రోజులు. శిక్షగా తెలిసినది వైద్యంగా తిరిగిరావడం నాకు కాస్త వినోదంగానే ఉంది.

మరి నడక మానేసి గోడకుర్చీ వేయాలా? నేనలా అనను. బిగింపు వ్యాయామాలమీద జరిగిన పరీక్షలు సంఖ్యలో తక్కువ, చిన్నవి. నడక బీపీతోపాటు చక్కెరనూ, పొట్టనూ, నిద్రనూ దారిలో పెడుతుంది. రోజుకు అరగంట ఖాళీ ఉన్నవారికి నడక ముందు. రాత్రి పాళీ ఉద్యోగులకు, రోడ్లపై నడిచే చోటు లేనివారికి, వారంలో మూడుసార్లు పావుగంటే దొరికేవారికి గోడకుర్చీ ముందు. మోకాళ్లు అరిగినవారు అంత కిందికి వంగక్కర్లేదు, కొద్దిగా వంగినా చాలు, లేదా చేతిపిడిని బిగించి పట్టుకునే పద్ధతి ఉంది. బిగించి ఉన్నంతసేపు ఊపిరి బిగబట్టకూడదు, ఆ సమయంలో బీపీ పైకి లేస్తుంది; అందుకే 160/100 దాటినవారు ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకుని, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి మాత్రమే మొదలుపెట్టాలి.

ప్రాణాయామం, నిమిషానికి ఆరుసార్ల నెమ్మది శ్వాస కొంత తగ్గిస్తాయి, మనసుకు నెమ్మదినిస్తాయి, హాని లేదు. ఒక్కదానిమీదే ఆధారపడేంత బలం మాత్రం వాటికి లేదు. వేగంగా ఊపిరి కొట్టే కపాలభాతిని బీపీ అదుపులో లేనివారు వదిలేయడమే మంచిది.

బరువు, మద్యం, నిద్ర

బరువు లెక్క సూటిగా ఉంటుంది: తగ్గిన ప్రతి కిలోకు పై అంకె సుమారు ఒక పాయింటు తగ్గుతుంది. నడుము పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ఈ దారి తప్పదు, ఫలితానికి మాత్రం నెలలు పడుతుంది. రోజూ తాగేవారికి వరుస తారుమారవుతుంది. వారు ఉప్పు జోలికి వెళ్లకముందే మద్యం తగ్గించాలి, బాగా తాగేవారు సగానికి తగ్గించినా అయిదు పాయింట్ల దాకా దిగుతుంది. ఏళ్లతరబడి అతిగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం కాబట్టి వైద్య సహాయంతోనే మానాలి. పెద్దగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచి, పగలంతా తూగేవారికి ఏ ఆహారమూ సరిగా పనిచేయకపోవచ్చు, వారు నిద్రలో శ్వాస ఆగే జబ్బుకు పరీక్ష చేయించుకోవాలి. సిగరెట్టు, చుట్ట, గుట్కా మానేస్తే బీపీ అంకె పెద్దగా కదలకపోయినా గుండెపోటు ముప్పు బాగా తగ్గుతుంది, కనుక దాన్ని ఈ పోటీలో నిలబెట్టకుండా వేరుగా మానేయడమే సరైనది.

ఆకులు, రెబ్బలు, లేహ్యాలు

వెల్లుల్లి కొద్దిపాటి పాయింట్లు తగ్గించగలదు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు మోతాదు మించితే రక్తస్రావం ముప్పు ఉంది. గోంగూర కథ ఆసక్తికరం. గోంగూర మొక్క పువ్వు కింద ఎర్రగా, కండగా ఉండే భాగాన్ని ఎండబెట్టి కాచిన టీని ఒక అమెరికా పరీక్షలో 65 మందికి రోజుకు మూడు కప్పులు ఆరు వారాలు ఇస్తే పై అంకె ఏడు పాయింట్లు దిగింది. అది విని గోంగూర పచ్చడి గిన్నె ముందుకు లాక్కునేవారికి ఒక మనవి: పరీక్షించింది ఆ ఎర్రటి భాగంతో కాచిన టీని, నూనెలో, ఉప్పులో ఊరిన ఆకును కాదు.

సహజమైనది కాబట్టి హాని చేయదన్న నమ్మకానికి మన సర్పగంధ మూలికే జవాబు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ దాని గుణాన్ని బ్రిటిష్ పత్రికలో ప్రకటించాక ప్రపంచమంతా వాడింది; అది నిజంగానే బీపీని దించింది, కానీ కొందరిని తీవ్రమైన మానసిక కుంగుబాటులోకీ నెట్టింది. దాన్ని కొలత తెలియని చూర్ణంగా కొనుక్కోవడం మంచిది కాదు. దగ్గుకని నెలలతరబడి నమిలే అతిమధురం అయితే బీపీని పెంచుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది. మోకాళ్ల నొప్పికని మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా బీపీ పెంచేవే. కొత్తగా ఏదైనా మొదలుపెట్టేకంటే, వీటిని ఆపడమే కొందరికి మొదటి వైద్యం.

ఎవరు దేన్ని ముందు పట్టుకోవాలి?

అరవై దాటి, సన్నగా ఉండి, మూడుపూటలా పచ్చడితో తినే పెద్దవారికి ఉప్పు ముందు. కిడ్నీ పరీక్ష బాగుంటే వారికి తక్కువ సోడియం ఉప్పు చాలా అనువైనది. నలభై ఏళ్ల వయసులో కంప్యూటరు ముందు పది గంటలు కూర్చుని, పొట్ట పెరిగి, రాత్రి తొమ్మిదింటికి బయటినుంచి బిర్యానీ తెప్పించుకునేవారికి ఇంటి ఉప్పు డబ్బాతో పెద్దగా పనిలేదు, వారు బయటి తిండిని తగ్గించి నడక, గోడకుర్చీ రెండూ పట్టుకోవాలి. అమెరికాలో, గల్ఫులో ఉన్న మనవాళ్లు ప్యాకెట్ల వెనక సోడియం లెక్క చదవడంతో మొదలుపెట్టాలి, అక్కడి ఉప్పు బ్రెడ్డు, సాసులు, చిప్సులోంచి వస్తుంది. పొలంలో ఎండలో చెమటోడ్చేవారికి వేరే వ్యాయామం చెప్పడం అన్యాయం. వారికి ఉప్పు, మద్యం, చుట్ట ముఖ్యం. అయితే మండే వేసవిలో ఉప్పును మరీ కఠినంగా తగ్గించే ముందు డాక్టరును అడగాలి.

ఏదైనా ఒకటో రెండో ఎంచుకుని ఆరు వారాలు పాటించి, పైన చెప్పిన పద్ధతిలోనే మళ్లీ ఏడు రోజుల సగటు తీయండి. అయిదు పాయింట్లు తగ్గితే ఆ మార్పును అలాగే ఉంచి, వరుసలో తర్వాతిదాన్ని జోడించండి. కదలకపోతే, ఉప్పు నిజంగా తగ్గిందా అని నెల ప్యాకెట్టు లెక్క చూడండి. మూడు నెలల తర్వాత కూడా 135/85 పైనే ఉంటే, అంకెలు రాసిన పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇప్పటికే మాత్రలు వేసుకుంటున్నవారు ఈ మార్పులతో అంకె దిగిందని సొంతంగా మాత్ర ఆపకూడదు. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నా, పై అంకె తరచూ 110 కంటే కిందికి పోతున్నా, ఆ పుస్తకం చూపించి మోతాదు తగ్గించమని అడగాలి. ఏ రోజైనా 180/120 దాటి, దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒకవైపు చేయీ కాలూ బలహీనపడడం కనిపిస్తే, ఇంట్లో కూర్చుని మళ్లీ మళ్లీ కొలుచుకోకుండా 108కు ఫోన్ చేయాలి.